తూకంరాయిలోనే తేడా

ఎలుకకు దిగులు పట్టించడం పెద్ద విద్యేమీ కాదు. ఒక రాత్రి కేజ్‌ను ఓ పక్కకు వాల్చి వదిలేయాలి. మర్నాడు కింద పరిచిన పొట్టు మీద నీళ్లు గుమ్మరించి ఆ తడిలోనే పడుకోనివ్వాలి. ఇంకో రాత్రి తెల్లవార్లూ లైటు ఆర్పకూడదు. నడుమ ఓ పూట తిండి ఆపాలి, ఓ పూట నీళ్లు ఆపాలి. ముక్కూమొహం తెలియని మరో ఎలుకను తెచ్చి అదే కేజ్‌లో పడేయాలి. ఏ రోజు ఏది మీద పడుతుందో దానికి అంతుచిక్కకూడదు. అసలు కిటుకంతా అందులోనే ఉంది. కొన్ని వారాలు ఇలా సాగాక దాని ముందు రెండు సీసాలు పెట్టి చూడండి. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండో దాంట్లో పంచదార నీళ్లు. మామూలు ఎలుక పంచదార సీసాను వదలదు. ఈ ఎలుకకు మాత్రం ఆ తీపి మీద యావ చచ్చిపోయి ఉంటుంది.

బ్రిటన్ శాస్త్రవేత్త పాల్ విల్నర్ బృందం 1987లో ఈ పద్ధతిని ప్రచురించింది. మానసిక కుంగుబాటుకు వాడే మందు ఇస్తే ఎలుకకు తీపి మీద యావ తిరిగి వస్తుందనీ చూపించింది. ఆనాటి నుంచి ప్రపంచమంతటా కుంగుబాటు మందుల పరిశోధనలో ఇదొక ప్రామాణికమైన పరీక్ష. దీనికి పెట్టిన పేరులోనే 'తేలికపాటి ఒత్తిడి' అన్న మాట ఉంది. నిజమే, కరెంటు షాకులు లేవు, కత్తిగాట్లు లేవు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నచిన్న బాధలే. మన హాస్టళ్లలో పిల్లలు పడేలాంటివే.

ఇప్పుడు ఈ చిట్టా చేతిలో పట్టుకుని పక్క గదికి వెళదాం. ఏ ఒత్తిడీ పెట్టకుండా 'మామూలుగా' ఉంచిన ఎలుకల గదికి. శాస్త్ర భాషలో వాటిని కంట్రోల్ గ్రూపు అంటారు.

గత వేసవిలో మేం ఒక ఫార్మసీ కాలేజీ యానిమల్ హౌస్ చూశాం. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. మూడో అంతస్తు, నెత్తిన నీళ్ల ట్యాంకులు. రెండు ఏసీల్లో ఒకటే పనిచేస్తోంది, దాని గాలి నేరుగా కిటికీ పక్క ర్యాక్ మీదికి కొడుతోంది. ర్యాక్‌కు నాలుగు అరలు. పై అర కేజ్‌లకు ట్యూబ్‌లైటు జానెడు దూరం, అడుగు అరలో పట్టపగలే మునిమాపు. మూడో అరలో ఒక కేజ్ నీళ్ల సీసా నాజిల్ సరిగా కూర్చోక చుక్కచుక్కగా కారుతోంది. ఆ పక్క పొట్టంతా ముద్దకట్టి నల్లబడింది. పొడిగా మిగిలిన మూలలో ఒక్కటంటే ఒక్క విస్టార్ జాతి ఎలుక ముడుచుకుని ఉంది. దీని జతవి ఏవని అడిగితే, 'శాక్రిఫైస్ చేసేశాం సార్' అన్నాడు రీసెర్చ్ స్కాలర్. చంపడాన్ని ల్యాబుల్లో అలాగే అంటారు. బలి అన్న మాటలో దేవుడైనా ఉంటాడు, ఇక్కడ ఎవరి పేరు మీద ఇస్తున్నారో మాకు తెలియలేదు. కేజ్‌కు తగిలించిన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: నార్మల్ కంట్రోల్.

తడి పొట్టు, వేళాపాళా లేని వెలుగు, ఒంటరితనం. విల్నర్ వారాల తరబడి ప్రణాళిక వేసి, తేదీలు రాసుకుని పెట్టిన బాధలను ఈ యానిమల్ హౌస్ ఖర్చు లేకుండా, రాత లేకుండా అందిస్తోంది. పక్క ర్యాక్‌లోని ఎలుకలకు కావాలని దిగులు పట్టించి, వాటిని ఈ ఎలుకతో పోల్చి, మధ్యలో ఉన్న తేడాను మందు గుణమనో జబ్బు లక్షణమనో రాస్తారు. ఆ రాతకు డాక్టరేట్ వస్తుంది.

రైతుబజారులో కిలో రాయి అడుగున సీసం తవ్వి తీసేస్తే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. గడువు దాటేలోగా రాయికి మళ్లీ ముద్ర వేయించకపోయినా జరిమానా రాస్తుంది. వంకాయల మీద మనకున్న ఆ పట్టుదల మందుల మీద లేదు. కంట్రోల్ ఎలుక అంటే పరిశోధనకు తూకంరాయి. దాంట్లోనే తేడా ఉంటే తక్కెడ ఎంత ఖరీదైనదైనా ఒకటే. ఆ రాయికి ముద్ర వేసే నాథుడు లేడన్నదే ఈ సంపాదకీయం మోపుతున్న అభియోగం.

చలితోనే మొదలుపెడదాం. చిట్టెలుక ఒంటికి హాయి అనిపించేది దాదాపు 30 డిగ్రీల దగ్గర. ప్రపంచంలోని ల్యాబులు వాటిని ఉంచేది 20 నుంచి 26 డిగ్రీల మధ్య, ఎక్కువగా 22 ప్రాంతంలో. ఎందుకంటే ఏప్రాన్, గ్లౌజులు, మాస్కు తొడుక్కుని పనిచేసే మనిషికి అక్కడ చెమట పట్టదు. బొరియ తవ్వుకోవడానికి మట్టి లేక, గూడు కట్టుకోవడానికి పీచు లేక, ఆ చలిలో చిట్టెలుక పొద్దస్తమానం ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే తిన్న తిండిని కాల్చుకుంటుంది. అమెరికాలోని బఫెలో నగరంలో రోజ్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 2013లో ఒక సంగతి బయటపెట్టారు. ఒకే రకం కణితులను పెంచిన చిట్టెలుకల్లో, 30 డిగ్రీల వద్ద ఉన్నవాటికి కణితి నెమ్మదిగా పెరిగింది, పాకడమూ తగ్గింది. 22 డిగ్రీల చలిలో ఉన్నవాటి రోగనిరోధక కణాలు అంత దీటుగా పోరాడలేకపోయాయి. మరి అంతకుముందు దశాబ్దాల పాటు పరీక్షించిన క్యాన్సర్ మందుల మాటేమిటి? అవి పోరాడింది క్యాన్సర్‌తోనా, ఏసీతోనా?

మన దగ్గర ఇందులో ఓ విడ్డూరం ఉంది. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ మార్గదర్శకాలు యానిమల్ హౌస్‌లో 18 నుంచి 29 డిగ్రీల దాకా ఉండొచ్చంటాయి. పై అంచుకు కాస్త దగ్గరగా ఉంచితే చిట్టెలుకకు ప్రాణం లేచొస్తుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది. అయినా రిమోట్ మీద 20 నొక్కి ఉంచుతారు. మే నెలలో కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక, అదే గది రెండు గంటల్లో కుంపటి అవుతుంది. పొద్దున చలి, మధ్యాహ్నం ఉడుకు, సాయంత్రం మళ్లీ చలి. ఏది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే దిగులుకు మూలమని పైన చెప్పుకున్నాం. గోడకు తగిలించిన చార్టులో మాత్రం నెల పొడుగునా 24, 24, 24 అని ఒకే చేతిరాత, ఒకే పెన్ను.

తర్వాత, చెయ్యి. ఎలుకను తోక పట్టి ఎత్తడం ల్యాబులో అడుగుపెట్టిన రోజునే నేర్పుతారు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ హర్స్ట్, రెబెక్కా వెస్ట్ 2010లో ఈ అలవాటునే పరీక్షకు పెట్టారు. తోక పట్టి ఎత్తిన చిట్టెలుకలు ఆ తర్వాత చేతిని చూస్తేనే తప్పుకున్నాయి, బెదురు కొలిచే పరీక్షల్లో ఎక్కువ బెదిరాయి. దోసిట్లోకి తీసుకున్నవీ, చిన్న గొట్టంలోకి నడిపించి ఎత్తినవీ వాటంతట అవే చేతి దగ్గరికి వచ్చాయి. 2018లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంవారు ఇంకో మెట్టు ముందుకెళ్లారు. తోక పట్టి ఎత్తే చిట్టెలుకలు పంచదార నీళ్లను కూడా అంత ఇష్టంగా తాగడం లేదని తేల్చారు. విల్నర్ వారాల తరబడి కష్టపడి సాధించిన ఫలితం! దీనికి విరుగుడు బజారులో దొరికే పీవీసీ పైపు ముక్క. ప్లంబర్ పని చేసిన చోట ఊరికే పడి ఉంటుంది. మన యానిమల్ హౌసుల్లో ఎన్నింట ఆ ముక్క కనిపిస్తుందో ఎవరైనా లెక్క చెబితే బాగుండు.

చెయ్యి ఎవరిదన్నదీ లెక్కలోకి వస్తుంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం నొప్పి మీద పనిచేస్తూ, గదిలో మగ పరిశోధకుడు ఉంటే ఎలుకలు నొప్పిని తక్కువగా చూపిస్తున్నాయని గమనించింది. మనిషి ఉండక్కర్లేదు, రాత్రంతా మగవాడు తొడుక్కున్న టీషర్టు గదిలో పెట్టినా అంతే. ఆడవాళ్ల టీషర్టుకు అలా జరగలేదు. మగ వాసనకు వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోన్ ఎగబాకి నొప్పిని అణచేస్తోందన్నమాట. 2014లో ఈ పరిశోధన వెలువడినప్పుడు ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ముక్కున వేలేసుకోని మనిషి ఒకరు మాకు తెలుసు. మేం చూసిన ఆ కాలేజీలోనే పంతొమ్మిదేళ్లుగా కేజ్‌లు కడుగుతున్న అటెండర్. 'గా సారు లోపటికచ్చిండంటే ఎలుకలన్నీ మూలకు వోతయ్ సార్. మేడమొస్తే ఏమనయ్' అన్నాడు, మేం అడక్కుండానే. ఈ ముక్క ఎవరికైనా చెప్పావా అంటే నవ్వేశాడు. 'నన్నెవలడుగుతరు సార్?' ఆయనకు నెలకొచ్చే జీతం ఒక విస్టార్ ఎలుకల బ్యాచ్ ఖరీదు కంటే ఎంత ఎక్కువో చెప్పడానికి ఆయనా మొహమాటపడ్డాడు, ప్రిన్సిపాల్ గారూ మొహమాటపడ్డారు.

శబ్దం, వెలుగుల సంగతి క్లుప్తంగా చెప్పేయొచ్చు, ఎందుకంటే అక్కడ నిర్లక్ష్యం వాదించాల్సినంత చిక్కైనది కాదు. మార్గదర్శకాల ప్రకారం యానిమల్ హౌస్‌లో చప్పుడు 85 డెసిబెల్స్ దాటకూడదు. అది మనిషి చెవికి కట్టిన హద్దు. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, చిట్టెలుక చెవి 80 దాటాక కూడా పనిచేస్తూనే ఉంటుంది. కుళాయి కారే చప్పుడు, ట్రాలీ చక్రం కిర్రుమనడం, కంప్యూటర్ మానిటర్ రొద, ఇవన్నీ మనకు వినిపించని ఎత్తులో వాటికి వినిపిస్తాయి. ఆపద వచ్చినప్పుడు ఎలుకలు ఒకదాన్నొకటి హెచ్చరించుకునే కూత కూడా 22 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనం నిశ్శబ్దం అనుకుంటూ నిలబడిన గదిలో అవి గగ్గోలు పెడుతూ ఉండవచ్చు. ఇక వెలుగంటారా, రాత్రి తిరిగే జీవాన్ని పట్టపగలు పది గంటలకు నిద్రలేపి, తెల్లటి ట్యూబ్‌లైటు కింద ఎత్తైన ప్లస్ ఆకారపు బల్ల మీద వదిలి, 'దీనికి భయం ఎక్కువ' అని రాసుకోవడం మన దగ్గర రోజూ జరిగే పనే. అర్ధరాత్రి మనల్ని లేపి మేడ పిట్టగోడ మీద నడిపిస్తే మనమూ అదే మార్కు తెచ్చుకుంటాం.

ఇవన్నీ చిన్న తేడాలేగా, సగటులో కొట్టుకుపోతాయి అనేవాళ్లు 1999 నాటి ఒక ప్రయోగం గుర్తు చేసుకోవాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్, ఆల్బనీ, కెనడాలోని ఎడ్మంటన్. మూడు ల్యాబుల్లో జాన్ క్రాబ్, డగ్లస్ వాల్‌స్టెన్, బ్రూస్ డుడెక్ అనే ముగ్గురు ఒకే జాతుల చిట్టెలుకలను, ఒకే వయసులో, ఒకేలాంటి పరికరాలతో, ఒకే వేళకు పరీక్షించారు. తిండి కూడా ఒకే రకం. మనిషి చేతనైనంతవరకు అన్నీ సమానం చేశారు. అయినా ఫలితాలు ల్యాబుకొకటిగా వచ్చాయి. మద్యం మీద ఇష్టంలాంటి కొన్ని లక్షణాలు మూడుచోట్లా నిలబడ్డాయి. బెదురులాంటి నాజూకైన వాటి దగ్గరే చిక్కొచ్చింది. ఒక ల్యాబులో బెదిరే జాతి ఇంకో ల్యాబులో బెదరదు. అంత పకడ్బందీగా చేసినచోటే అలా ఉంటే, కారుతున్న నాజిళ్ల మధ్య చేసిన మన పరిశోధనల గతేమిటో ఊహించుకోవచ్చు.

'ఎలుకకు మూడ్ ఏమిటండీ, మరీ చోద్యం కాకపోతే' అని ఒక పెద్దమనిషి మాతో అన్నారు. ఆయన ఫార్మకాలజీ పాఠాలు చెబుతారు. ఎలుక మూడ్ మార్చే మందుల మీద ముగ్గురికి పీహెచ్‌డీ గైడు కూడా. మూడ్ లేని జీవి మీద మూడ్ మందులు పరీక్షించే ఈ తర్కం మాకు కొరుకుడు పడలేదు గానీ, ఆయనకు జవాబు 2004లోనే ఉంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎమ్మా హార్డింగ్, ఎలిజబెత్ పాల్, మైకేల్ మెండల్ ఎలుకలకు రెండు స్వరాలు నేర్పారు. ఒక స్వరం వినిపిస్తే మీట నొక్కాలి, తిండి వస్తుంది. రెండోది వినిపిస్తే నొక్కకూడదు, నొక్కితే వాటికి గిట్టని రొద మొదలవుతుంది. పాఠం బాగా వంటబట్టాక, కొన్నింటిని కుదురైన కేజ్‌లలో ఉంచి, కొన్నింటికి ఎప్పుడేం జరుగుతుందో తెలియని కాపురం పెట్టారు: తడి పొట్టు, వాలిన కేజ్, తారుమారైన పగలూ రాత్రీ. ఆ మీదట రెండింటికీ నడిమధ్యన ఉండే, అటో ఇటో తేల్చుకోలేని స్వరం వినిపించారు. కుదురుగా బతికినవి తిండి వస్తుందేమోనన్న ఆశతో మీట నొక్కాయి. రెండో రకంవి నొక్కడానికి జంకాయి, నొక్కినా ఆలస్యంగా నొక్కాయి. దిగులులో ఉన్న మనిషి ఫోన్ మోగగానే 'ఏం చెడు కబురో' అనుకోడూ? అదే ఇది. ఎలుక ఏమనుకుంటోందో మనకు తెలియకపోవచ్చు. ఏం ఆశిస్తోందో మాత్రం కొలవవచ్చు, కొలిచారు.

అంతదూరం పోనక్కర్లేదు కూడా. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఉన్నాయి. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు బెరిబెరి మీద పరిశోధనకని పెట్టిన చిన్న గది అది. 1958లో సంస్థ హైదరాబాద్ వచ్చింది. కూనూరులో మెక్‌కారిసన్ ఎలుకలకు మనుషుల తిండ్లు పెట్టి చూశాడు. ఒక గుంపుకు పంజాబు సిక్కుల భోజనం: గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు, అప్పుడప్పుడు మాంసం. ఇంకో గుంపుకు బ్రిటన్‌లో పేదలు తినే తిండి: తెల్ల బ్రెడ్డు, మార్గరిన్, పంచదార టీ, ఉడికించిన కూర, డబ్బా మాంసం, జామ్. మొదటివి ఏపుగా పెరిగాయి, కలిసిమెలిసి బతికాయి. రెండోవాటికి ఎదుగుదల లేదు సరికదా, చిరాకు పెరిగింది. చూసుకునే పనివాళ్లను కరిచాయి. 60వ రోజు వచ్చేసరికి తమలో బలహీనమైనవాటిని చంపి తినడం మొదలుపెట్టాయి.

ఈ ముచ్చటలో మాకు బాగా నచ్చింది తిండి సంగతి కాదు. పనివాణ్ని ఎలుక కరవడం కూడా ఫలితమేనని ఆయన పట్టించుకుని రాశాడు, అదే నచ్చింది. బరువు, ఎత్తు, ఊపిరితిత్తుల సంగతి రాసుకున్న పుస్తకంలోనే వాటి కోపతాపాలూ రాసుకున్నాడు. కేజ్‌లు కడిగే మనిషి చెప్పింది విని ఉంటాడు కనకనే రాయగలిగాడు. ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకునే గడ్డ మీద, ప్రయోగశాల జంతువుల పెంపకానికే అంకితమైన జాతీయ కేంద్రాలు తార్నాకలోనూ జీనోమ్ వ్యాలీలోనూ ఉన్న నగరం చుట్టూ, ఇవాళ ఎన్ని థీసిస్‌లలో 'ఎలుకలు అటెండర్‌ను కరిచాయి' అన్న వాక్యం దొరుకుతుంది? దొరికేది ఒకటే వాక్యం, అచ్చు గుద్దినట్టు: జంతువులను ప్రామాణిక పరిస్థితుల్లో ఉంచి, తిండి, నీరు పుష్కలంగా ఇవ్వడమైనది. సీనియర్ థీసిస్‌లోంచి జూనియర్ థీసిస్‌లోకి, అందులోంచి పత్రికలోకి నడిచొచ్చిన వాక్యం. ఈ 'ప్రామాణిక పరిస్థితులు' ఏమిటో రాసినవాడూ చూడలేదు, అచ్చు వేసినవాడూ అడగలేదు. జంతు పరిశోధనల పత్రాల్లో ఏయే వివరాలు తప్పనిసరిగా ఉండాలో బ్రిటన్ 2010లోనే ఒక జాబితా తయారుచేసింది, 2020లో దాన్ని సవరించింది కూడా. కేజ్, పరుపు, వెలుగు, వేడి అన్నీ అందులో ఉన్నాయి. అది అందరికీ ఉచితంగా దొరుకుతుంది. దొరకడం వేరు, చదవడం వేరు.

కేజ్‌లు ఇంత బోడిగా ఎందుకంటే పరిశోధకుల దగ్గర ఒక పాత సమాధానం ఉంది. కేజ్‌లో గూడు పీచు, గొట్టం, నమలడానికి చెక్కముక్క లాంటివి పెడితే ఎలుకకో తీరు అవుతుంది, ఫలితాల్లో తేడాలొస్తాయి, అందుకే అన్నీ ఒకేలా బోడిగా ఉంచుతాం అంటారు. వినడానికి శాస్త్రీయంగానే ఉంది. కానీ హానో వుర్బెల్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో ప్రచురించిన పనిలో తేలింది వేరు. పరిస్థితులను పనిగట్టుకుని కొంత వైవిధ్యంగా ఉంచినప్పుడే ఫలితాలు మరోచోట కూడా నిలబడ్డాయి. ఒక్క అచ్చులో పోసినప్పుడు ఆ ల్యాబు గోడల మధ్యే నిజమై, గడప దాటగానే అబద్ధమయ్యాయి. ఇక 2022లో కెనడా పరిశోధకులు రెండు వందలకు పైగా అధ్యయనాలను జల్లెడపట్టి చూస్తే, బోడి కేజ్‌లలో ఉంచిన ఎలుకలకు జబ్బులు ముదరడమూ ఎక్కువే, ఆయుష్షూ తక్కువే అని తేలింది. అంటే మనం ఆరోగ్యవంతమైన ఎలుకతో రోగిష్టి ఎలుకను పోల్చడం లేదు. ఒక రోగిష్టి ఎలుకను ఇంకాస్త రోగిష్టి ఎలుకతో పోలుస్తున్నాం.

పర్యవసానం పంజరం దగ్గర ఆగదు. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన మందుల్లో పదింటికి తొమ్మిది అక్కడే కూలబడతాయన్నది మందుల పరిశ్రమే ఒప్పుకునే లెక్క. అన్నిటికీ ఎలుకల దిగులే కారణమని మేం అనం. ఎలుకకూ మనిషికీ ఉన్న తేడాలు బోలెడు. కానీ కుంగుబాటు మందు వేసుకుని మూడు వారాలు ఆగినా గుణం కనిపించని మనిషికి, ఆ మందు తొలి పరీక్ష ఏ తడిపొట్టు పక్కన జరిగిందో అడిగే హక్కుంది. రోజర్ పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త 1977లో మొదలుపెట్టిన ఈత పరీక్షే చూడండి. నీళ్ల జాడీలో చిట్టెలుకను వదిలితే, అది ఈదడం ఆపి తేలుతూ ఉన్న సెకన్లను 'నిరాశ' కింద లెక్కేస్తారు. ఒడ్డు లేదని తెలిశాక ఊరికే కాళ్లాడించకుండా ఓపిక దాచుకోవడం నిరాశో తెలివో ఇప్పటికీ తగువే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో దాన్ని చట్టం చేసి మరీ ఆపేసింది. మన ఫార్మసీ కాలేజీల్లో మాత్రం ఎంత మంది విద్యార్థులుంటే అన్ని జాడీలు.

కావలి కాయాల్సింది ఎవరు? చట్టానికి కొదవ లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ప్రయోగాల పర్యవేక్షణకు కేంద్ర కమిటీ ఉంది, 1998 నాటి నియమాలున్నాయి. ఇటీవల ఆ కమిటీ పేరు కుదించారు. పాత ఇంగ్లిషు పేరులో 'పర్పస్' అన్న మాట ఉండేది, అదొక్కటీ తీసేశారు. యాదృచ్ఛికమే అయ్యుంటుంది. ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉండాలి, బయటి నుంచి నామినీ రావాలి. వస్తారు. ఫారం బి మీద ఎన్ని ఎలుకలు, ఏ మందు, ఎన్ని రోజులు అన్నది చూస్తారు, సంఖ్య ఎక్కువైందని రెండు తగ్గిస్తారు, టీ తాగి సంతకాలు పెడతారు. పద్దెనిమిది ప్రొటోకాల్స్ ఒక పూటలో తేలిపోయిన కమిటీ గురించి మాకు తెలుసు. ర్యాక్ దాకా నడిచి, పై అరకూ అడుగు అరకూ వెలుగులో తేడా ఎంతో చూసిన కమిటీ ఉంటే దాని గురించి రాయడానికి సంతోషిస్తాం. చట్టంలో కోరలు లేవా అంటే, ఉన్నాయి. కమిటీ ఉత్తర్వును ఉల్లంఘిస్తే 20వ సెక్షన్ రాసిపెట్టిన గరిష్ఠ జరిమానా 200 రూపాయలు.

తిలాపాపం తలా పిడికెడు. ఏసీ మరమ్మతుకు డబ్బుల్లేవని ఫైలు తిప్పి పంపే యాజమాన్యం, అదే ఏడాది సెమినార్ హాలుకు గ్రానైట్ పరుస్తుంది. ఎలుకల గది మొహం చూడని గైడు పత్రం మీద తన పేరు ముందు వేయించుకుంటాడు. వేడి, తేమ రికార్డు అడగకుండా గ్రాంటు విడుదల చేసే సంస్థలూ, 'ప్రామాణిక పరిస్థితులు' అనగానే తలూపే పత్రికలూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాయి. వీళ్లందరిలోకీ తక్కువ తప్పు ఆ స్కాలర్‌ది. ఫెలోషిప్ అయిపోయేలోగా అయిదు పట్టికలు నింపాలని పరిగెడుతున్నాడు, నాజిల్ కారుతోందని గమనించే తీరిక అతనికి ఎవరూ ఇవ్వలేదు.

జంతువుల మీద ప్రయోగాలే వద్దనే వాదన వేరు, దానికి తగిన బలమూ వేరే ఉంది. అమెరికా 2022లో, మన దేశం 2023లో మందుల పరీక్షకు జంతువులు లేని పద్ధతులను ఆమోదిస్తూ చట్టాలు, నియమాలు మార్చాయి. ఎలుకల అవసరమే లేని రోజు వచ్చేదాకా అవి చస్తూనే ఉంటాయి. చచ్చేవి ఊరికే చావకుండా చూడమన్నదే ఇవాళ మా డిమాండు. వేడి, తేమ, వెలుగు గంటగంటకూ యంత్రమే నమోదు చేసి, ఆ రికార్డు పత్రంతో పాటు బయటపెట్టాలి. ప్రతి కేజ్‌లో గూడు పీచు, గొట్టం ఉండాలి. ఎథిక్స్ కమిటీ సమావేశం కాన్ఫరెన్స్ హాల్లో కాక యానిమల్ హౌస్‌లో మొదలవ్వాలి. అందులో కేజ్‌లు కడిగే మనిషికి ఒక కుర్చీ వేయాలి. ఇందులో ఏదీ గ్రానైటంత ఖరీదైనది కాదు.

మేం తిరిగి వచ్చేస్తుంటే ఆ అటెండర్ ఈనబోయే చిట్టెలుకల కేజ్‌లు చూపించాడు. ఒక్కోదాంట్లో గుప్పెడు చింపిన టిష్యూ కాగితం. తల్లులు వాటిని పీచుపీచుగా చీల్చి, లోపలికి లాక్కుని, గిన్నెలాంటి గూళ్లు కట్టుకున్నాయి. కాగితాలెక్కడివంటే క్యాంటీన్ నుంచి తెస్తానన్నాడు. తనిఖీ ఉన్న రోజు పొద్దున్నే అన్నీ తీసేయమంటారట, కేజ్‌లు చూడ్డానికి ఒక్క తీరుగా ఉండాలని. తీసేస్తాడు. తనిఖీవాళ్లు మెట్లు దిగాక మళ్లీ పెడతాడు. ఆ తీసిన పూటా పెట్టిన పూటా ఏ రిజిస్టర్‌లోనూ లేవు.